ఏ ఆటకు ఏ అరుగు: ఊరి ప్రదర్శనకు వేదికను ఎంచుకుని కట్టే పద్ధతి

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో జాతర జరిగినా, గణపతి నవరాత్రులు జరిగినా, కళాశాల వార్షికోత్సవం జరిగినా వేదిక మాత్రం ఒక్క తీరుగానే కనిపిస్తోంది. టెంట్ హౌస్ వారికి ఫోన్ చేయగానే ఆరడుగుల ఎత్తున ఇనుప చట్రం, దానిమీద ప్లైవుడ్ పలకలు, వెనుక ఫ్లెక్సీ, ఇరువైపులా మనిషంత ఎత్తు సౌండ్ బాక్సులు వచ్చి నిలబడతాయి. ఉపన్యాసం ఇచ్చేవారికి ఆ ఏర్పాటు సరిపోతుంది. అదే వేదికపైకి డోళ్లతో కథ చెప్పే ఒగ్గు కళాకారులను, యక్షగానం ఆడే చిందు భాగోతులను, కాకతీయుల నాటి పేరిణి నర్తకులను ఎక్కించినప్పుడు వారి విద్యలో సగం ప్రేక్షకుడికి చేరకుండానే పోతుంది. ఆ వెలితిని చూసినవారు కళ పాతబడిపోయిందని అనుకుంటారు గానీ, వేదిక కుదరలేదని అనుకోరు.

మన దేశంలో రంగస్థలం ఎలా మారుతూ వచ్చిందో తెలిసిన నిర్వాహకుడికి ఈ ఇబ్బంది రాదు. నేల మీది వలయం, ఇద్దరు పట్టుకున్న తెర, శాస్త్రం కొలిచి చెప్పిన నాట్యమండపం, గుడిలోని రాతి రంగమండపం, పరదాలు దిగే నాటకశాల, నేటి ఆడిటోరియం అన్నవి ఒకదాని వెంట ఒకటి వచ్చినా, కొత్తది వచ్చిందని పాతది చచ్చిపోలేదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే వీటిలో చాలావరకు నేటికీ పక్కపక్కన వాడుకలో ఉన్నాయి. కనుక ఈ చరిత్రను కాలక్రమంలో చదివి పక్కన పెట్టడం కంటే, మీ ఊరి ప్రదర్శనకు వేదిక కట్టేటప్పుడు పనిముట్టుగా వాడుకోవడం మేలు. ఆ వాడుకునే తీరును ఇక్కడ వివరిస్తున్నాను.

కళాకారులతో ముందుగా మాట్లాడవలసినవి

టెంట్ హౌస్‌కు వెళ్లేముందు మేళం పెద్దతో మాట్లాడండి. ఈ ప్రదర్శనలో ప్రేక్షకుడు ప్రధానంగా చూడవలసింది ముఖమా, పాదమా, ఆహార్యమా, లేక వినవలసిన కథా అన్నది మొదటి ప్రశ్న. వాద్యగాళ్లు ఎక్కడ కూర్చుంటారు లేదా నిలబడతారు, ఆడేవారు ఎన్ని వైపులకు తిరిగి ఆడతారు, తెర అవసరమా, వేషం కట్టుకునే చోటు నుంచి రంగం మీదికి ఏ దిక్కున వస్తారు అన్నవి తరువాతివి. ప్రేక్షకులు జంపఖానాల మీద కూర్చుంటారా, కుర్చీలలో కూర్చుంటారా అన్నది మీరే తేల్చుకోవాలి, ఎందుకంటే వేదిక ఎత్తు దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఈ జవాబులు చేతిలో ఉంటే మిగిలినదంతా కొలతల పని.

నేలనే రంగంగా ఉంచవలసిన కళలు

ఒగ్గు కథకు వేదిక కట్టకపోవడమే మంచి ఏర్పాటు. ప్రధాన కథకుడు మల్లన్న కథనో బీరప్ప కథనో చెబుతూ, ఉత్తరీయాన్ని కొంగుగా కప్పుకుని మల్లన్న భార్య మేడలమ్మ అవుతాడు, మరుక్షణం దాన్నే నడుముకు బిగించి రాజవుతాడు. వంతగాడు అడ్డుప్రశ్న వేస్తాడు, డోళ్లవారు వెనుక నుంచి ముందుకు, ముందు నుంచి పక్కకు కదులుతూ దరువును కథలోకి తెస్తారు. జనగామ ప్రాంతానికి చెందిన చుక్క సత్తయ్య వంటి మహా కళాకారుడు దేశమంతా తిరిగి పెద్ద పెద్ద వేదికలపై ఈ కథ వినిపించిన మాట నిజమే, కానీ ఆ కళ పుట్టింది గుడి ముందరి వాకిట్లో, మూడు వైపులా జనం కూర్చున్న నేల మీద. ప్రేక్షకుడి మాటకు కథకుడు అక్కడికక్కడే జవాబు చెప్పగలిగే దూరం ఈ కళకు ఊపిరి.

అందువల్ల ఒగ్గు కథకు పాతిక అడుగుల వ్యాసం గల వలయాన్ని సున్నంతో గీసి, రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టించండి. జనాన్ని మూడు వైపులా కూర్చోబెట్టి, నాలుగో వైపు డోళ్లకు, వేషధారణకు వదలండి. పక్కల కూర్చునేవారి వరుసలు ఎనిమిదికి మించకుండా చూసుకుంటే వెనుకవారికి కూడా కథకుడి కళ్లు కనిపిస్తాయి. ఇంకో సంగతి చాలామంది మరచిపోతారు: ఒగ్గు డోలు విన్యాసంలో కళాకారులు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడి డోలు వాయిస్తారు. షామియానా కప్పు పదడుగులకే ఆగిపోతే ఆ విన్యాసం జరగదు, జరిగితే ప్రమాదం. రంగం మీద కప్పు లేకుండా ప్రేక్షకుల మీద మాత్రమే షామియానా వేయించడం ఉత్తమం. వాన భయం ఉంటే పదిహేను అడుగులకు తగ్గకుండా కప్పించండి.

నేల రంగంలో మరీ పవిత్రమైనది పట్నం. పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుల పొడితో ఒగ్గు పూజారులు నేలమీద వేసే ఆ ముగ్గు దేవుడి కల్యాణానికి పీట వంటిది. కొమురవెల్లిలో మహాశివరాత్రి నాడు వేసే పెద్దపట్నం చూసినవారికి, గీత గీయగానే మామూలు నేల రంగంగా ఎలా మారిపోతుందో విడిగా చెప్పనక్కర లేదు. ప్రపంచంలో ఏ రంగస్థలానికైనా మూలం ఈ గీతే అని నా నమ్మకం. పట్నం వేసే చోట ప్లైవుడ్, తివాచీ, ఎర్ర కార్పెట్ ఏవీ పరచవద్దు. అలికిన మట్టినేల ఇవ్వండి, గాలి ఎక్కువగా ఉంటే పొడి చెదరకుండా గాలి వచ్చే వైపు తడికలు కట్టించండి.

పటం కథలకు వలయం కుదరదు. చేర్యాల నకాశీ కళాకారులు గీసిన పటం మూడడుగుల వెడల్పు ఉండే నిలువు గుడ్డచుట్ట. కర్రల చట్రానికి వేలాడదీసి, ఒక్కో గడినీ విప్పుతూ, పుల్లతో బొమ్మను చూపిస్తూ కథ చెబుతారు. ఇక్కడ రంగస్థలం నేల నుంచి లేచి నిలువుగా నిలబడిందన్నమాట. మూడడుగుల బొమ్మలో వివరం ఇరవై అడుగుల అవతల తెలియదు కాబట్టి, పటం కథకు వంద నుంచి నూటయాభై మందికి మించి పిలవకండి, అందరినీ ఎదురుగానే కూర్చోబెట్టండి. పటం నేపథ్యంలోని ఎరుపు రంగు పసుపుపచ్చని బల్బు వెలుగులో నిండుగా పలుకుతుంది. తెల్లని ఎల్ఈడీ ఫోకస్ నేరుగా కొడితే మెరిసి బొమ్మ చెదురుతుంది. లైటును పైనుంచి ఏటవాలుగా పెట్టించండి.

పట్టిన తెర: చిందు యక్షగానానికి ఏర్పాటు

చిందు భాగోతానికి రెండడుగుల గద్దె ఉన్నా ఫరవాలేదు, నేలైనా ఫరవాలేదు, కానీ తెర పట్టడానికి చోటు లేని వేదిక పనికిరాదు. ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకుని నిలబడే ఈ గుడ్డ మన నాటక చరిత్రలో చాలా పాతది. సంస్కృత నాటకాల్లో యవనికగా, కథకళిలో తిరశ్శీలగా, కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తన జడను పైకి విసిరే తెరగా, మన చిందులో పాత్ర ప్రవేశానికి వాకిలిగా అదే నిలిచింది.

ఆ ప్రవేశాన్ని దగ్గర నుంచి గమనిస్తే ఏర్పాటు ఎలా ఉండాలో దానంతట అదే తెలుస్తుంది. మద్దెల దరువు మారగానే తెర అడుగున గజ్జెల పాదాలు మాత్రం కనిపించి ఒకటి రెండు అడుగులు వేస్తాయి. తెర పై అంచు మీదుగా కిరీటం కొస కదులుతుంది. లోపలి నుంచి పాత్రధారి తన పేరూ బిరుదులూ రాగం తీసి చెప్పుకుంటాడు, వంతవారు అందుకుంటారు. చివరకు ఒక చెయ్యి తెర అంచును పట్టి ఊపుతుంది, భుజకీర్తుల మెరుపు ఒక్కసారి కనబడి మరుగవుతుంది, ఆ తరువాతే తెర తొలగుతుంది. పాత్ర పూర్తిగా కనిపించేలోపు ప్రేక్షకుడు మనసులో ఆ పాత్రను సగం కట్టుకుని ఉంటాడు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చిన నాటి నుంచి చిందును పిలిపించే నిర్వాహకులు పెరుగుతున్నారు. ఇది సంతోషించవలసిన విషయం. అయితే పిలిచినవారు ఈ తెర వెనుక జరిగే నిమిషాలను కాపాడేలా వేదిక కట్టాలి.

ఇందుకు పాటించవలసినవి ఇవి. వేషం కట్టే గది రంగానికి సరిగ్గా వెనుక ఉండాలి. పక్కన ఉంటే పాత్రధారి తెర వెనుకకు చేరేలోపే జనానికి కనబడిపోతాడు. ముఖానికి అర్దళం (పసుపు రంగు పూత) పూసుకుని, కిరీటం, భుజకీర్తులు కట్టుకోవడానికి గంటల సమయం పడుతుంది కాబట్టి ఆ గదికి మంచి లైటు, అద్దం, కూర్చోవడానికి చాపలు, తాగే నీళ్లు సాయంత్రం నాలుగింటికే సిద్ధం చేయండి. తెర గుడ్డ ఎనిమిదడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు ఉంటే చాలు. అడుగు అంచు నేలను తాకకూడదు, మోకాలి దిగువ దాకా పాదాలు కనిపించాలి. హార్మోనియం, మద్దెల, తాళం వారు ఆడేవారికి వెనుకే ఉండాలి. పాత్రధారి మాటిమాటికీ వారివైపు తిరిగి పాట అందిస్తాడు, వారు ఎత్తుకుంటారు. వారిని వేదిక పక్కన కింద కూర్చోబెట్టే ఆధునిక అలవాటు ఈ కళకు గొడ్డలిపెట్టు.

వెలుతురు గురించి ఒక మాట. పూర్వం కాగడాలు, ఆ తరువాత పెట్రోమాక్స్ దీపాలు ఉండేవి. వీధి భాగవతాల్లో ఉగ్రపాత్ర వచ్చేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లి మంట ఎగయించేవారు. ఇవాళ ఆ పని చేయనక్కర లేదు, చేయకూడదు కూడా. కానీ కాగడా వెలుగు పాత్రధారి ముఖం ఎత్తులో, ఇరుపక్కల నుంచి పడేదని గుర్తుంచుకోండి. నెత్తిమీద నుంచి కొట్టే లైటు కిరీటం నీడను కళ్ల మీద పడేస్తుంది. అందుకే రెండు పసుపుపచ్చని లైట్లను ఆరేడు అడుగుల ఎత్తు స్టాండ్ల మీద రంగానికి రెండు ముందు మూలల్లో పెట్టించండి, రంగురంగులుగా తిరిగే డీజే లైట్లను పూర్తిగా ఆర్పించండి.

మూరకోలతో ఒక మధ్యాహ్నం

ఎంత పెద్ద వేదిక కావాలన్న ప్రశ్నకు భరతుని నాట్యశాస్త్రం రెండో అధ్యాయం ఇచ్చినంత స్పష్టమైన జవాబు నాకు మరెక్కడా దొరకలేదు. అందులో నాట్యమండపాలను దీర్ఘచతురస్రం, చతురస్రం, త్రికోణం అని ఆకారాన్ని బట్టి మూడుగా, 108, 64, 32 మూరలు అని పరిమాణాన్ని బట్టి మూడుగా విభజించారు. మనుషుల కోసం 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు దాటవద్దని కట్టుదిట్టంగా చెప్పి, కారణం కూడా చెప్పారు: మండపం మరీ పెద్దదైతే మాట స్పష్టత కోల్పోతుంది, ముఖంలోని భావం కంటికి ఆనదు. మండపం కొండగుహలా ఉండాలని, గాలి విసురు లేకుండా చిన్న కిటికీలు ఉండాలని, అప్పుడే గొంతుకు గాంభీర్యం వస్తుందని కూడా అక్కడే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని రామ్‌గఢ్ కొండమీది సీతాబెంగా గుహను ప్రాచీన రంగస్థలంగా భావించే పండితులు ఈ గుహ పోలికను గుర్తు చేస్తుంటారు. మన తెలుగు నేల మీదనే ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండలో నాలుగు వైపులా మెట్ల వరుసలతో ఆరుబయలు రంగశాల బయటపడింది. జలాశయంలో మునగకుండా దాన్ని అనుపు దగ్గర తిరిగి నిర్మించారు.

ఈ కొలతలను పుస్తకంలో చదివి వదిలేయకండి. మీ ఊరి బడి మైదానంలో ఒక మధ్యాహ్నం తాడు, సున్నం తీసుకుని గీసి చూడండి. మూరను అడుగున్నరగా లెక్కవేస్తే 64 మూరలు 96 అడుగులు, 32 మూరలు 48 అడుగులు అవుతాయి. 96 అడుగుల పొడవును సగానికి విభజిస్తే ముందరి 48 అడుగులు ప్రేక్షకులవి. వెనుక సగాన్ని మళ్లీ రెండుగా చేస్తే చిట్టచివరి 24 అడుగులు నేపథ్యం, అంటే వేషం కట్టే చోటు. మిగిలిన 24 అడుగుల్లో వెనుక 12 రంగశీర్షం, ముందు 12 రంగపీఠం. నేపథ్యం నుంచి రెండు ద్వారాలు, ఆ రెండింటి నడుమ వాద్యబృందం. కేరళ కూత్తంబలాల్లో (గుడి నాటకశాలల్లో) మిళావు వాద్యం నటుడి వెనుక ఉండటం, మన చిందులో మద్దెల వెనుక ఉండటం ఈ అమరికకు దగ్గరి చుట్టాలే.

గీసిన తరువాత ఒక మనిషిని రంగపీఠం అంచున నిలబెట్టి మైకు లేకుండా ఒక పద్యం చదవమనండి. మీరు ప్రేక్షకుల చివరి గీత దగ్గర కూర్చుని వినండి, అతని కళ్లను చూడండి. నలభై ఎనిమిది అడుగుల దూరంలో కనుబొమ్మ కదలిక పట్టుకోగలుగుతారు, మాట ముక్కలు కాకుండా వింటారు. ఇంకో ముప్పై అడుగులు వెనక్కి జరిగి చూస్తే రెండూ జారిపోతాయి. ఈ ఒక్క పరీక్ష చేసిన నిర్వాహకుడు ఆ తరువాత ఎన్నడూ నాట్య ప్రదర్శనకు క్రికెట్ మైదానం అడగడు. ముందరి చతురస్రం 2,304 చదరపు అడుగులు. నేలమీద కూర్చునే మనిషికి ఆరు చదరపు అడుగులు వేసుకుని, నడవడానికి దారి వదిలితే సుమారు మూడువందల యాభై మంది పడతారు. అంతకు మించి జనం వస్తారనుకుంటే వేదికను పెంచడం కంటే రెండు రాత్రులు ఆడించడం కళకు మేలు చేస్తుంది.

రంగపీఠానికి ఇరువైపులా నాలుగేసి స్తంభాలతో మత్తవారణులు, అంటే పక్క అరుగులు, ఉండాలని శాస్త్రం చెబుతుంది. అవి పీఠం లోపలివా వెలుపలివా అన్నది పండితుల చర్చ. లోపలివిగా తీసుకుంటే నడుమ ఆడేచోటు 24 అడుగుల వెడల్పు మిగులుతుంది, రంగశీర్షంతో కలిపి లోతు కూడా 24 అడుగులే. టెంట్ హౌస్ భాషలో చెప్పాలంటే ఎనిమిది నాలుగుల ప్లైవుడ్ పలకలు పద్దెనిమిది. ఆరేడుగురు ఆడే చిందుకైనా, ఎనిమిది మంది పేరిణి బృందానికైనా ఇది నిండుగా సరిపోతుంది.

మత్తవారణి ఎత్తు మూరన్నర, అంటే 27 అంగుళాలు. రంగాన్నీ ఆ ఎత్తుకే తీసుకురావాలని అంటారు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి కంటి ఎత్తు దాదాపు ముప్పై అంగుళాలు ఉంటుంది. అంటే నర్తకి పాదం ప్రేక్షకుడి కంటికి కొంచెం కింద పడుతుంది, మడమ, మునివేళ్లు రెండూ కనిపిస్తాయి. ఆరడుగుల వేదిక దగ్గర ముందు వరుసలో కూర్చున్నవారికి పాదాలు కనిపించవు, మెడ నొప్పి మాత్రం మిగులుతుంది. కాబట్టి జంపఖానాలు పరిస్తే వేదిక 27 అంగుళాలు, కుర్చీలు వేస్తే మూడడుగుల నుంచి మూడున్నర అడుగులు అని టెంట్ హౌస్ వారికి కాగితం మీద రాసి ఇవ్వండి.

రంగతలం తాబేలు వీపులా, చేప వీపులా ఉబ్బకూడదని, అద్దంలా చదునుగా ఉండాలని కూడా శాస్త్రం హెచ్చరిస్తుంది. మేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల గొట్టంతో నాలుగు మూలల మట్టం సరిచూడండి. మట్టి గద్దె కట్టేటట్లయితే రాళ్లు, గడ్డి ఏరేసిన నల్లమట్టి నింపమని శాస్త్రం అంటుంది గానీ, మన నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది. లోపల రేగడి నింపినా పైన జానెడు మందాన మొరం వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టించి, పేడతో అలికించడం ఇక్కడి నేలకు తగిన పద్ధతి.

రాతి రంగమండపం నేర్పేది

హనుమకొండ వేయి స్తంభాల గుడిలో 1163 నాటి త్రికూటాలయం మధ్యన, నాలుగు స్తంభాల నడుమ, గుండ్రని రాతి అరుగు ఉంటుంది. శివ, విష్ణు, సూర్య గర్భాలయాల మధ్య ఉన్న ఆ చోటే రంగమండపం. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడిలోనూ అలాగే నడుమ రంగం, చుట్టూ ఎత్తైన అరుగులు, స్తంభాల నిండా నర్తకీమణులు. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల సేనాధిపతి) జాయప సేనాని 1253–54 ప్రాంతంలో రాసిన నృత్తరత్నావళి శాస్త్రీయమైన మార్గ పద్ధతితో పాటు ప్రాంతీయమైన దేశి నృత్యాలనూ, పేరిణినీ శాస్త్రానికి ఎక్కించింది. ఇక్కడ ప్రేక్షకుడు దేవుడు, ఆ తరువాతే మనుషులు. అందుకే రంగం చిన్నది, చూపు దగ్గరిది, ధ్వనిని తిరిగి ఇచ్చే పని రాతి గోడలది.

నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ శ్రమతో తిరిగి ఊపిరి పోసుకున్న పేరిణికి మీరు వేదిక కడుతున్నారనుకోండి. ఆ నృత్యంలో పాదాఘాతమే భాష. రాతి మీద, గట్టి నేల మీద పాదం పడితే గజ్జె మోత విడిగా, పాదం దెబ్బ విడిగా వినిపిస్తాయి. డొల్ల ప్లైవుడ్ మీద పడితే రెండూ కలిసి ఒక మొద్దు శబ్దం వస్తుంది, మృదంగాన్ని మింగేస్తుంది. మట్టి గద్దె కుదరకపోతే పలకల కింద ఇసుక బస్తాలు ఒత్తుగా పేర్పించి, కీళ్ల దగ్గర పలకలను మేకులతో కాకుండా మరలతో బిగించి, పైన మేకు తల, చీలిక ఏదీ లేకుండా అరచేత్తో తడిమి చూడండి. నర్తకుడు వట్టికాళ్లతో ఆడతాడు. తివాచీ పరిస్తే జారుతుంది, శబ్దాన్ని చంపుతుంది.

గుడి ఆవరణలోనే ఆడించాలనుకునేవారు రక్షిత కట్టడాలకు కేంద్ర పురావస్తు శాఖ అనుమతి ముందుగా తీసుకోవలసి ఉంటుంది. అనుమతి వచ్చినా గోడలకు, స్తంభాలకు తాడు కట్టడం, మేకు కొట్టడం, రాతికి ఆనించి సౌండ్ బాక్సులు పెట్టడం చేయవద్దు. 2006లో విప్పిన వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం తిరిగి నిలబడి తెరుచుకోవడానికి 2024 దాకా పట్టింది. ఆ రాళ్ల పట్ల మనం చూపగల మర్యాద ఈ మాత్రం జాగ్రత్త.

పరదాల నాటకశాల, ఆడిటోరియం

ముందు వైపు మాత్రమే తెరిచి, పెట్టెలా ఉండే రంగస్థలం మనకు ఆంగ్లేయుల కాలంలో వచ్చింది. 1795లో కలకత్తాలో రష్యాకు చెందిన లెబెదెఫ్ బెంగాలీ నాటకం ఆడించడం, 1846లో బొంబాయి గ్రాంట్ రోడ్డులో నాటకశాల తెరుచుకోవడం, ఆ తరువాత పార్సీ, ధార్వాడ సమాజాల వారు పరదాలతో ఊరూరా తిరగడం ఈ మార్పులో మైలురాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాలు రంగుల పరదాలను, తీగల మీద ఎగిరే మాయలను ఊళ్ల దాకా తెచ్చాయి. వెడల్పు తగ్గి లోతు పెరిగింది, పక్కన కూర్చునే ప్రేక్షకుడు మాయమయ్యాడు, నటుడు ఎదురుగా చూసి పద్యం పాడటం అలవాటైంది. పౌరాణిక పద్య నాటకానికి, సాంఘిక నాటకానికి ఈ వేదికే సరైనది. వాటికి వలయం కట్టాలని పట్టుబట్టడం కూడా తప్పే. పరదాలు పైకి పోవడానికి రంగం కప్పు, ముందు తెరుచుకున్న భాగం ఎత్తుకు రెట్టింపు కంటే ఎక్కువ ఎత్తున ఉండాలి, లేదా సురభివారి తరహాలో చుట్టుకునే పరదాలు వాడాలి. పక్క వింగ్స్‌లో ఒక్కో వైపు కనీసం ఆరడుగులు వదలకపోతే నటులు ఒకరినొకరు తోసుకుంటారు.

1970లలో కలకత్తాలో నాటకకర్త బాదల్ సర్కార్ నటుడిని మళ్లీ వేదిక దించి ప్రేక్షకుల నడుమ నిలబెట్టాడు, వీధి నాటక బృందాలు కూడలిని రంగం చేసుకున్నాయి. ఆ ప్రయత్నం గొప్పదే. మన ఒగ్గు పూజారి మాత్రం ఆ చోటును ఏనాడూ విడిచిపెట్టలేదు.

ఇప్పుడు హనుమకొండలో 2024 నవంబరులో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం వంటి పెద్ద ఆడిటోరియం మనకు ఉంది. జానపద కళలను అక్కడ ఆడించకూడదని నేను అనను. వానాకాలంలో, ఎండల్లో అది పెద్ద ఆసరా. అయితే ఆడిటోరియం వారితో ముందే మాట్లాడి కొన్ని మార్పులు చేయించుకోండి. ఒగ్గు కథకు వేదిక మీదనే ఇరుపక్కల జంపఖానాలు పరిచి అరవై డెబ్బై మందిని కూర్చోబెట్టండి. కథకుడికి తిరిగి మాట్లాడే మనుషులు దొరుకుతారు, హాలులోని వారికి కూడా ఆ సంభాషణ కనిపిస్తుంది. హాలు లైట్లను పూర్తిగా ఆర్పకుండా సగం వెలుగు ఉంచండి. డోళ్లకు మైకు పెట్టవద్దు, కథకుడికి, వంతగాడికి మాత్రం చెవి పక్క నుంచి వచ్చే చిన్న మైకులు ఇవ్వండి. నిలబెట్టిన మైకు ఇస్తే ఆయన దాని దగ్గరే కట్టేసినట్టు ఉండిపోతాడు. చిందుకైతే ఆడిటోరియం మోటారు పరదాను ప్రదర్శన మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మాత్రమే వాడి, నడుమ అంతా పట్టిన తెరే నడిపించమని చెప్పండి.

చివరిగా, ఏ వేదిక కట్టినా ముందు భాగంలో మధ్యన మూడు మెట్లు తప్పక పెట్టించండి. కథ మధ్యలో కదిలిపోయిన అవ్వ ఒకామె పైట కొంగు ముడి విప్పి, ఇరవై రూపాయలు కళాకారుడి చేతిలో పెట్టి పోతుంది. ఆయన ఆమె పేరు, ఇంటిపేరు, ఊరిపేరు చెప్పి దీవించి మళ్లీ కథ ఎత్తుకుంటాడు. వేదిక వెనుక నుంచి, వలంటీర్ల అనుమతితో చుట్టూ తిరిగి రావలసి వస్తే ఆ అవ్వ రాదు. మెట్లకు చేయి పట్టుకోవడానికి ఒక వెదురు కర్ర కట్టించి, రాత్రి కనిపించేలా దాని మొదట్లో ఒక చిన్న బల్బు పెట్టించండి.